చివర్లో మనిషి చూస్తాడన్న ధీమా ఎంతవరకు నిలుస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ సంస్థకు వచ్చే అప్పు దరఖాస్తులను ఇకమీదట ఏఐ ముందుగా చదివి స్కోరు ఇస్తుంది. ఆ స్కోరు చూసి ఒక ఉద్యోగి ఖరారు చేస్తారు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు 95 శాతం కచ్చితత్వం అంటున్నారు. చివరి మాట మనిషిదే కదా, ఇక రిస్క్ ఏముంటుంది? ఏ నిర్ణయాలు దీనికి వదలొచ్చు, ఏవి వదలకూడదు?

ఇలాంటి మోడళ్లు తయారు చేసే పనిలో కొన్నేళ్లు, వాటిని తనిఖీ చేసే పనిలో అంతకంటే ఎక్కువ ఏళ్లు ఉన్నాను. అందుకని మీరు అసలు భయపడని చోటు నుంచే మొదలుపెడతాను. మోడల్ తప్పులు చేస్తుందని అందరికీ తెలుసు. చివర్లో కూర్చున్న మనిషి ఆ తప్పును పట్టుకుంటారని అందరూ అనుకుంటారు. నేను తనిఖీకి వెళ్లిన చోట్ల ఎక్కువగా దెబ్బతిన్నది ఈ రెండో నమ్మకమే.

ఆ ఉద్యోగి ముందున్న స్క్రీన్ ఎలా ఉంటుందో చూడండి. ఫైలు తెరవగానే పైన పెద్ద అంకెల్లో స్కోరు, ఎర్ర రంగులో. దాని కింద ‘తిరస్కరణకు సిఫారసు’ అన్న మాట. దరఖాస్తుదారు ఇచ్చిన కాగితాలు, ఆదాయం ఆధారాలు, రాసుకున్న వివరణ మూడో ట్యాబ్‌లోనో నాలుగో ట్యాబ్‌లోనో ఉంటాయి. సిఫారసును ఒప్పుకోవాలంటే ఒక్క బటన్ నొక్కితే సరిపోతుంది. కాదనాలంటే మాత్రం జాబితాలోంచి కారణం ఎంచుకోవాలి, వివరణ టైప్ చేయాలి, అది పై అధికారికి వెళ్తుంది, ఆయన అడిగినదానికి జవాబు చెప్పుకోవాలి. స్క్రీన్ మీద ఒక పక్కన ఆ రోజు పూర్తి చేయాల్సిన ఫైళ్ల సంఖ్య కనిపిస్తూనే ఉంటుంది. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టినా, ఎంత నిజాయితీపరులైనా, రోజులు గడిచేకొద్దీ మొదటి బటన్ వైపే మొగ్గుతారు.

దీనికి తోడు మాట పడే భయం ఒకటి. మోడల్ వద్దన్న మనిషికి అప్పు ఇచ్చి, అది మొండి బకాయి అయితే, ‘స్కోరు అంత తక్కువగా ఉన్నా ఎందుకు ఇచ్చారు’ అని ఆ ఉద్యోగినే నిలదీస్తారు. మోడల్ మాట విని నిరాకరిస్తే, ఆ దరఖాస్తుదారు నిజానికి ప్రతి వాయిదా టైముకు కట్టే మనిషే అయినా, ఎవరికీ ఏమీ తెలియదు. ఇవ్వని అప్పుకు ఖాతా ఉండదు, రికార్డు ఉండదు. ఒక వైపు తప్పుకు సంజాయిషీ ఉంది, రెండో వైపు తప్పు ఎవరి కంటా పడదు. ఈ పరిస్థితిలో ‘తుది నిర్ణయం మనిషిదే’ అని పాలసీ కాగితంలో రాసుకున్నా ఆచరణలో అది సంతకం పెట్టే పనిగా మిగులుతుంది.

ఒక ఫైలు సంగతి చెబుతాను. ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉన్న ఇద్దరి రుణ చరిత్ర డేటాలో కలిసిపోయింది. ఒకరు ఎగ్గొట్టిన అప్పు రెండోవారి ఖాతాలో చేరింది. మోడల్ తనకు అందిన వివరాల మీద సరిగ్గానే లెక్క వేసి తక్కువ స్కోరు ఇచ్చింది. తప్పంతా లోపలికి వెళ్లిన డేటాలో ఉంది. దరఖాస్తుతో పాటు జతచేసిన గుర్తింపు కాగితం మీది నంబరును, రుణ చరిత్రలో ఉన్న నంబరును పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా అర్థమైపోయేది. ఆ ఫైలును ముగ్గురు చూశారు. ముగ్గురూ తిరస్కరణకే ఆమోదముద్ర వేశారు. సిస్టమ్ లాగ్ తీసి చూస్తే ఆ కాగితం ఉన్న ట్యాబ్‌ను ముగ్గురిలో ఒక్కరూ తెరవలేదు. వాళ్లు బద్ధకస్తులు కారు. ముందే తేలిపోయినట్టు కనిపిస్తున్నదాన్ని మళ్లీ మొదటి నుంచి పరిశీలించడం మనిషి మనసుకు చాలా కష్టమైన పని.

ఇది అప్పుల ఫైళ్లకే పరిమితమైన బలహీనత అయితే ఇంత రాసేవాణ్ని కాను. 2023లో ‘రేడియాలజీ’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 27 మంది రేడియాలజిస్టులకు రొమ్ము ఎక్స్‌రేలు ఇచ్చి, పక్కన ‘ఏఐ సూచన’ అని ఒక గ్రేడు చూపించారు. కొన్నింటిలో కావాలనే తప్పుడు సూచన పెట్టారు. అనుభవం తక్కువ ఉన్నవాళ్లు సూచన సరైనదైనప్పుడు దాదాపు 80 శాతం సరిగ్గా చెప్పారు, సూచన తప్పైనప్పుడు 20 శాతానికి పడిపోయారు. బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా 82 శాతం నుంచి 45 శాతానికి దిగిపోయారు. జీవితమంతా ఆ చిత్రాలే చదివిన నిపుణుల సంగతే ఇలా ఉంటే, రోజుకు పదుల ఫైళ్లు తేల్చాల్సిన మీ ఉద్యోగి మీద ఎంత బరువు పెడుతున్నారో ఆలోచించండి.

2018 మార్చిలో అమెరికాలోని టెంపే నగరంలో ఊబర్ సంస్థ స్వయంచాలిత కారు రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొట్టింది. ఆమె చనిపోయారు. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే కారు సెన్సర్లు ఆమెను గుర్తించాయి. కానీ అది వాహనమా, సైకిలా, మరేదైనా వస్తువా అని సాఫ్ట్‌వేర్ మార్చి మార్చి లెక్క వేసుకుంటూ పోయింది. క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఊహే దాని రూపకల్పనలో లేదు. సీట్లో కూర్చున్న పర్యవేక్షకురాలి చూపు ఆ సమయంలో ఫోన్ మీద ఉందని దర్యాప్తులో తేలింది. ఆమె బాధ్యత లేదని నేను అనను. అయితే గంటల తరబడి ఏమీ చేయకుండా కూర్చుని, ఎప్పుడో ఒక్క క్షణంలో మెరుపులా స్పందించమంటే అది మనుషులు బాగా చేయగల పని కాదన్నది విమానాల ఆటోపైలట్‌ల కాలం నుంచీ తెలిసిన విషయమే. తెలిసి కూడా మళ్లీ మళ్లీ అదే ఏర్పాటు చేస్తున్నాం.

మనుషుల నైపుణ్యం తగ్గిపోవడం మరో సమస్య. 2025లో లాన్సెట్ వారి పత్రికలో పోలండ్ నుంచి వచ్చిన అధ్యయనం ప్రకారం, పెద్దపేగు పరీక్షల్లో ఏఐ సాయానికి అలవాటు పడ్డ వైద్యులు, ఆ సాయం లేకుండా చేసిన పరీక్షల్లో కంతులను గుర్తించే రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి తగ్గింది. ఇది పరిశీలన మీద ఆధారపడిన అధ్యయనం, కాబట్టి ఇదే చివరి మాట అనుకోనక్కర్లేదు. కానీ మీ సంస్థలో ఇవాళ దరఖాస్తు చదివి మనిషిని అంచనా వేయగల సీనియర్లు ఉన్నారు. రెండు మూడేళ్లు స్కోరు చూసి బటన్ నొక్కడమే పనిగా సాగితే, ఆ తర్వాత వచ్చే కొత్తవాళ్లకు ఆ విద్య ఎవరు నేర్పుతారు? మోడల్ తప్పును పట్టుకునే మనిషి తయారయ్యే దారినే ఆ మోడల్ మూసేస్తుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

ఇప్పుడు 95 శాతం సంగతి. వెయ్యి మంది దరఖాస్తుదారుల్లో 950 మంది కట్టేవాళ్లు, 50 మంది ఎగ్గొట్టేవాళ్లు అనుకుందాం. ఏమీ చూడకుండా అందరినీ ‘కడతారు’ అని చెప్పే మోడల్‌కు కూడా 95 శాతం కచ్చితత్వం వస్తుంది. అది ఒక్క ఎగవేతదారునీ పట్టుకోదు. ఇంకో మోడల్ ఉందనుకోండి. అది ఆ 50 మందిలో 40 మందిని పట్టుకుంది, దాంతో పాటు కట్టగలిగిన 100 మందిని కూడా తప్పుగా వద్దంది. దీని కచ్చితత్వం 89 శాతం. అంకెల్లో మొదటిదే మెరుగు, పనికొచ్చేది మాత్రం రెండోదే. అయితే ఆ రెండోదాని తిరస్కరణ జాబితాను కూడా చూడాలి. అందులో 140 మంది ఉన్నారు, వాళ్లలో 100 మంది నిజానికి కట్టేవాళ్లే. ‘మోడల్ వద్దంది’ అన్నమాట మీద తిప్పి పంపిన ప్రతి ఏడుగురిలో అయిదుగురికి అన్యాయం జరిగినట్టు. కాబట్టి కంపెనీవాళ్లను అడగాల్సింది కచ్చితత్వం శాతం గురించి కాదు. వద్దన్నవాళ్లలో ఎంతమంది మంచివాళ్లు, సరేనన్నవాళ్లలో ఎంతమంది ఎగ్గొట్టారు అని విడివిడిగా అడగండి.

అడిగితే ఇంకో చిక్కు బయటపడుతుంది. వద్దన్నవాళ్లలో ఎంతమంది కట్టేవాళ్లో వాళ్లకూ తెలియదు. వాళ్ల దగ్గరున్న పాత డేటా అంతా అప్పు దొరికినవాళ్లదే. గతంలో మీ అధికారులు ఎవరిని గుమ్మం దగ్గరే తిప్పి పంపారో వాళ్లు ఆ లెక్కలో లేరు. మోడల్ ఆ పాత వడపోతను నేర్చుకుని, దాన్నే కొనసాగించి, తన తిరస్కరణ తప్పని నిరూపించే సాక్ష్యం ఎప్పటికీ పుట్టకుండా చేస్తుంది. స్కోరు చూసి ఇచ్చినవాళ్లు కడుతున్నారు కాబట్టి రిపోర్టులు ప్రతి ఏడూ అందంగానే ఉంటాయి. మంచి రిపోర్టు చూసి నమ్మకం పెరుగుతుంది, నమ్మకం పెరిగేకొద్దీ ఓవర్‌రైడ్‌లు, అంటే ఉద్యోగి మోడల్ మాటను కాదనడాలు, తగ్గుతాయి.

ఇంకెక్కడో పరీక్షించిన అంకె మీ దగ్గర నిలబడుతుందన్న హామీ కూడా లేదు. అమెరికా ఆస్పత్రుల్లో విస్తృతంగా వాడిన ఎపిక్ సంస్థ సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణాల మీదికి తెచ్చే స్థితి) హెచ్చరిక మోడల్‌ను మిచిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ ఆస్పత్రి రికార్డుల మీద విడిగా పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని అది గుర్తించలేకపోయింది. అదే సమయంలో ఆస్పత్రిలో చేరిన మొత్తం కేసుల్లో 18 శాతానికి హెచ్చరికలు మోగించింది. అసలు జబ్బున్నవాళ్లను వదిలేసి, లేనివాళ్ల దగ్గర అన్నిసార్లు మోగితే ఆ మోతను నర్సులు పట్టించుకోవడం మానేస్తారు.

మోడల్ అసలు ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందన్నది చాలామంది అడగని విషయం. మీరు అడిగేది ఒకటి, అది నేర్చుకున్నది ఇంకొకటి కావచ్చు. నేను కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1990లలో అమెరికాలో న్యుమోనియా రోగుల్లో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో అంచనా వేసే మోడళ్లు తయారు చేశారు. వాటిలో ఒకటి, ఆస్తమా ఉన్న రోగులకు అపాయం తక్కువ అని నేర్చుకుంది. వైద్యం తెలిసిన ఎవరికైనా ఇది తలకిందులుగా ఉందని తెలుస్తుంది. కానీ డేటాలో అది అబద్ధం కాదు. ఆస్తమా ఉన్నవాళ్లకు న్యుమోనియా వస్తే వైద్యులు కంగారుపడి నేరుగా ఐసీయూకు పంపేవారు. ఆ ప్రత్యేక శ్రద్ధ వల్ల వాళ్లు ఎక్కువగా బతికారు. మోడల్‌కు ఆ శ్రద్ధ కనిపించలేదు, బతికారన్న ఫలితం మాత్రమే కనిపించింది. దాని మాట విని ఆస్తమా రోగులను ఇంటికి పంపితే ప్రాణాలు పోయేవి. ఆ రూలు మనుషులు చదవగలిగే తరహా మోడల్‌లో బయటపడింది కాబట్టి తెలిసింది. అంతకంటే కచ్చితమైన అంకెలు చూపిన న్యూరల్ నెట్‌వర్క్ (లోపల ఏం నేర్చుకుందో మనుషులు చదవలేని తరహా మోడల్) కూడా అదే నేర్చుకుని ఉంటుందని, పైగా అందులో ఇంకేం దాగి ఉన్నాయో తెలియదని, ఆ పరిశోధక బృందం దాన్ని రోగుల మీద వాడకుండా పక్కన పెట్టింది. ఆ బృందంలోని రిచ్ కరువానా ఈ అనుభవం గురించి 2015లో వివరంగా రాశారు.

2019లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన కూడా ఇలాంటిదే. ఎవరికి అదనపు వైద్య సంరక్షణ అవసరమో చెప్పాల్సిన ఒక అల్గారిదం, అవసరానికి బదులు ‘వైద్యానికి ఎంత ఖర్చవుతుంది’ అన్నదాన్ని అంచనా వేస్తోంది. అమెరికాలో నల్లజాతి రోగులకు అదే స్థాయి జబ్బు ఉన్నా వాళ్ల మీద ఖర్చు తక్కువగా జరుగుతుంది. దాంతో వాళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క తేలింది. ఆ తేడా సరిచేస్తే అదనపు సంరక్షణ అందాల్సినవాళ్లలో వాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు చూపారు. ఆ అల్గారిదంకు జాతి వివరం ఇవ్వనే లేదు. ‘మా మోడల్‌లో కులమతాలు, ఆడామగా అన్న కాలమ్‌లే లేవు, కాబట్టి పక్షపాతం ఉండదు’ అని కంపెనీవాళ్లు చెబితే ఈ కేసు గుర్తు చేయండి. అమెజాన్ ఉద్యోగ దరఖాస్తుల వడపోతకు 2014 నుంచి తయారు చేసుకున్న సాధనం కూడా పదేళ్ల పాత రెజ్యూమెల నుంచి నేర్చుకుని, ఫలానా మహిళా క్లబ్‌కు కెప్టెన్ అన్నలాంటి మాటలు కనిపిస్తే మార్కులు తగ్గించింది. చివరికి దాన్ని వదిలేశారని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది.

మనుషుల నిర్ణయాలు మాత్రం గొప్పగా ఉన్నాయా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. 1954లోనే పాల్ మీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, చాలా రకాల అంచనాల్లో మామూలు గణాంక సూత్రం నిపుణుల ఊహకు తీసిపోదని, తరచుగా మించిపోతుందని చూపించారు. ఆ తర్వాతి పరిశోధనలూ ఎక్కువగా అటే మొగ్గాయి. మనుషులు అలసిపోతారు, మొహం చూసి మార్కులు వేస్తారు, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటారు. అందుకే మోడల్ వాడొద్దని నేను చెప్పడం లేదు. అయితే మనిషి తప్పుకూ మోడల్ తప్పుకూ ఒక తేడా ఉంది. పది మంది అధికారులుంటే పది రకాల పొరపాట్లు చేస్తారు, ఒకరు వద్దన్న మనిషికి ఇంకొకరు సరేనంటారు. మోడల్ తప్పు మాత్రం ఒకే రకం మనుషుల మీద, ప్రతి శాఖలో, ప్రతి రోజూ, ఒకేలా పడుతుంది. అదే సాఫ్ట్‌వేర్ పక్క సంస్థ కూడా కొంటే ఆ మనిషికి ఇంకో తలుపు కూడా ఉండదు.

నెదర్లాండ్స్‌లో జరిగింది దీనికి పెద్ద సాక్ష్యం. పిల్లల సంరక్షణ సాయం పొందే కుటుంబాల్లో మోసం చేసేవాళ్లను పట్టుకోవడానికి అక్కడి పన్నుల శాఖ 2013 నుంచి ఒక రిస్క్ స్కోరింగ్ మోడల్ వాడింది. డచ్ పౌరసత్వం ఉందా లేదా అన్నది అందులో ఒక అంశం. వేలాది కుటుంబాల మీద మోసం ముద్ర పడింది, తీసుకున్న సాయమంతా వెనక్కి కట్టమన్నారు, చాలామంది అప్పుల్లో కూరుకుపోయారు. 2021 జనవరిలో ఆ వ్యవహారం మీద ప్రభుత్వమే రాజీనామా చేసింది. మీ ప్రశ్నకు సంబంధించిన ముక్క ఏమిటంటే, అక్కడ కూడా ఎక్కువ స్కోరు వచ్చిన ఫైలు ఒక ఉద్యోగి బల్ల మీదికి వెళ్లేది. స్కోరు ఎందుకు ఎక్కువ వచ్చిందో మాత్రం ఆ ఉద్యోగికి చెప్పేవారు కాదని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదిక తేల్చింది. కారణం తెలియని మనిషి దేన్ని సరిచూడాలి? ఆస్ట్రేలియాలో ప్రభుత్వ సాయం ఎక్కువగా తీసుకున్నారంటూ జనం మీద బాకీలు వేసిన, రోబోడెట్‌గా పేరుపడ్డ పథకంలో అసలు ఏఐ కూడా లేదు. ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాలకు సమానంగా పంచే మామూలు భాగహారం. గతంలో ఉద్యోగులు చేసే పరిశీలనను తీసేసి, బాకీ లేదని నిరూపించుకునే భారం సాయం పొందేవాళ్ల మీద వేశారు. 2023లో రాయల్ కమిషన్ దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

అన్ని తప్పులూ డేటా బాగుచేస్తే పోయేవి కావు. నిందితులు మళ్లీ నేరం చేస్తారా అని అంచనా వేయడానికి అమెరికా కోర్టుల్లో వాడే కంపాస్ అనే స్కోరు మీద 2016లో ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ విశ్లేషణ వచ్చినప్పుడు, మళ్లీ నేరం చేయని నల్లజాతివారిని తప్పుగా ‘ప్రమాదకరం’ అన్న రేటు తెల్లవారితో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉందని తేలింది. తయారీ సంస్థ మాత్రం ఒకే స్కోరు వచ్చిన ఇద్దరికీ మళ్లీ నేరం చేసే అవకాశం ఒకేలా ఉంది కాబట్టి న్యాయంగానే ఉందంది. రెండు వాదనలూ లెక్క ప్రకారం నిజమే. రెండు వర్గాల్లో మళ్లీ నేరం చేసేవాళ్ల శాతం వేరుగా ఉన్నప్పుడు ఈ రెండు రకాల న్యాయాలనూ ఒకేసారి సాధించడం అసాధ్యమని గణితంగా నిరూపించారు. ఏ తప్పు ఎక్కువ బాధాకరం, ఎవరు ఎంత నష్టం భరించాలి అన్నది మీ యాజమాన్యం బహిరంగంగా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. మీరు తేల్చకపోతే సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టి ఉంచిన ఏదో ఒక సెట్టింగ్ మీ తరఫున తేల్చేస్తుంది.

చాట్‌బాట్‌ల గురించి మీరు అడగలేదు గానీ, ఇప్పుడు వచ్చే స్కోరింగ్ సాఫ్ట్‌వేర్‌లు కొన్ని పక్కన ‘ఎందుకంటే’ అని చక్కటి వాక్యాల్లో వివరణ కూడా రాసిస్తున్నాయి. దీన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. చాట్‌బాట్‌ల వెనక ఉండే భాషా మోడల్ రాసే వివరణ నమ్మదగినట్టుగా ఉంటుంది, కానీ స్కోరు నిజంగా ఆ కారణం వల్లే వచ్చిందన్న గ్యారంటీ లేదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేని కేసులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. ఆ కేసులు నిజమేనా అని ముందే దాన్నే అడిగారు, నిజమేనంది. తప్పును పట్టుకోవడానికి తప్పు చేసిన దాన్నే అడిగే ఈ అలవాటు ఆఫీసుల్లో బాగా పాకుతోంది. బాధ్యత కూడా ఎటూ పోదు. ఎయిర్ కెనడా తన వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ తప్పు సమాచారం ఇస్తే, దాని మాటలకు అదే బాధ్యురాలన్నట్టు వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదన తోసిపుచ్చి ప్రయాణికుడికి పరిహారం ఇప్పించింది.

మీ ఏర్పాటుకు నేరుగా తగిలే తీర్పు ఇంకొకటి ఉంది. యూరప్‌లో వ్యక్తిగత డేటా రక్షణకు ఉన్న జీడీపీఆర్ చట్టం 22వ అధికరణం, మనిషి ప్రమేయం లేకుండా యంత్రం మాత్రమే తీసుకునే ముఖ్య నిర్ణయాలకు హద్దులు పెడుతుంది. జర్మనీలో రుణ స్కోర్లు ఇచ్చే షూఫా సంస్థ కేసులో, స్కోరు తమదైనా నిర్ణయం బ్యాంకుది కదా అన్న వాదన వచ్చింది. బ్యాంకు ఆ స్కోరు మీదే గట్టిగా ఆధారపడుతున్నప్పుడు స్కోరు ఇవ్వడమే యాంత్రిక నిర్ణయం అవుతుందని యూరోపియన్ న్యాయస్థానం 2023 డిసెంబర్‌లో తేల్చింది. చివర్లో ఒక మనిషి సంతకం ఉన్నంత మాత్రాన తప్పించుకోలేమన్నమాట. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన యూరప్ ఏఐ చట్టం మనుషుల రుణ అర్హత స్కోరింగ్‌ను హై రిస్క్ జాబితాలో పెట్టింది. పర్యవేక్షించే మనిషి యంత్రం వైపే మొగ్గే ప్రమాదాన్ని కూడా అందులో ప్రత్యేకంగా ప్రస్తావించింది. మీరు ఆ చట్టాల పరిధిలో లేకపోయినా మీ ఏర్పాటును ఈ కొలతతో చూసుకోవడం మంచిది.

ఏవి వదలొచ్చు అన్నదానికి నేను వాడే పరీక్ష ఇది: తప్పు జరిగితే త్వరగా తెలుస్తుందా, తెలిస్తే వెనక్కి తీసుకోగలమా, నష్టపోయిన మనిషికి అడిగే దారి ఉందా? దరఖాస్తులో ఏ కాగితం తగ్గిందో చూడటం, ఆదాయం అంకెలు రెండు చోట్ల తేడాగా ఉంటే గుర్తు పెట్టడం, ఫైళ్లను వరసలో పెట్టడం, ఇవన్నీ నిశ్చింతగా ఇవ్వండి. చిన్న మొత్తాలకు, స్పష్టంగా అర్హత ఉన్నవాళ్లకు ఆమోదం కూడా ఇవ్వొచ్చు, అక్కడ తప్పు జరిగితే మీ పుస్తకాల్లో కనబడుతుంది. తిరస్కరణ మాత్రం యంత్రానికి వదలొద్దు, దాని తప్పు ఎక్కడా కనబడదని పైన చెప్పాను. తిరస్కరించేది మనిషే అయి ఉండాలి, ఆ మనిషి కారణాన్ని దరఖాస్తుదారుకు అర్థమయ్యే మాటల్లో రాసి ఇవ్వగలగాలి. ‘స్కోరు తక్కువ’ అన్నది కారణం కిందికి రాదు.

ఇక ఆ చివరి మనిషిని నిజంగా పనిచేయించాలంటే స్క్రీన్ మార్చండి. తిరస్కరణకు అవకాశమున్న ఫైళ్లలో స్కోరును మొదట దాచండి. ఉద్యోగి కాగితాలు చూసి తన అభిప్రాయం రాశాకే స్కోరు కనిపించాలి. రెండూ కలవకపోతే ఆ ఫైలు రెండో మనిషికి వెళ్లాలి. ఒప్పుకోవడానికీ కాదనడానికీ ఒకే శ్రమ ఉండేలా బటన్లు పెట్టండి. విమానాశ్రయాల్లో బ్యాగుల ఎక్స్‌రే చూసేవాళ్ల చురుకు తగ్గకుండా మధ్యమధ్యలో ఉత్తుత్తి ఆయుధాల బొమ్మలు చొప్పిస్తారు. అలాగే మీరు కూడా స్కోరు తప్పని ముందే తెలిసిన పాత ఫైళ్లను అప్పుడప్పుడు కలపండి, ఎంతమంది పట్టుకుంటున్నారో చూడండి. ఎవరినీ శిక్షించడానికి వాడొద్దు, వాడితే అందరూ ప్రతి ఫైలునూ కాదనడం మొదలుపెడతారు. ఓవర్‌రైడ్‌ల రేటు నెలనెలా చూడండి. అది సున్నాకు దగ్గరపడితే మోడల్ అద్భుతంగా ఉందని సంబరపడకండి, ట్యాబ్‌లు తెరుస్తున్నారో లేదో లాగ్ తీయండి. రోజువారీ ఫైళ్ల టార్గెట్ తగ్గించకుండా ఇవేవీ పనిచేయవు. యాజమాన్యం ఒప్పుకోవడానికి అన్నిటికంటే మొరాయించేది దీని దగ్గరే, ఖర్చు మిగులుతుందని కదా ఈ సాఫ్ట్‌వేర్ కొంటున్నది. మిగిలే ఖర్చులో కొంత ఇక్కడ తిరిగి పెట్టకపోతే ఆ పర్యవేక్షణ ఉత్తుత్తిదే.

మోడల్ వద్దన్నవాళ్లలో కొద్దిమందిని, నష్టం వచ్చినా తట్టుకోగల చిన్న మొత్తాలతో, లాటరీ పద్ధతిలో ఎంచి అప్పు ఇవ్వండి. వాళ్లు కడుతున్నారా లేదా చూడండి. తిరస్కరణల్లో ఎన్ని తప్పో తెలుసుకోవడానికి నాకు తెలిసిన నిజాయితీ గల దారి ఇదొక్కటే. అకౌంట్స్ వాళ్లు మొదట ససేమిరా అంటారు. దీన్ని మొండి బకాయిగా కాకుండా తనిఖీ ఖర్చుగా వేరే పద్దు కింద రాయమనండి.

కొనడానికి ముందు ఒక పని చేయండి. మూడేళ్ల కిందటి మీ సొంత ఫైళ్లు, ఆమోదించినవీ తిరస్కరించినవీ కలిపి తీయండి. కంపెనీవాళ్లకు ఫలితం చెప్పకుండా స్కోరు అడగండి. వచ్చిన స్కోర్లను ఆడామగా, వయసు, ప్రాంతం, ఆదాయ వర్గాల వారీగా విడదీసి, కట్టినవాళ్లలో ఎవరిని ఎక్కువగా వద్దందో చూడండి. ఒప్పందంలో మూడు షరతులు రాయించుకోండి: ప్రతి స్కోరుకూ ఏ వివరాలు వాడారో చూపించాలి, దరఖాస్తుదారు తన డేటాలో తప్పు చూపిస్తే నిర్ణీత గడువులో సరిచేసి మళ్లీ స్కోరు ఇవ్వాలి, మీకు చెప్పకుండా మోడల్‌ను మార్చకూడదు. మూడోదానికి వాళ్లు ‘అప్‌డేట్‌లు వాటంతటవే వస్తాయి’ అంటారు. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అవే పాత ఫైళ్లతో పరీక్ష మళ్లీ చేసే హక్కు, ఫలితం తేడాగా వస్తే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే హక్కు, రెండూ రాతపూర్వకంగా ఉండాలి. ఒప్పుకోకపోతే ఇంకో కంపెనీని చూసుకోండి.